సీసా మీద పదహారేళ్ళు

విస్కీ మీద విమర్శేమిటి, అదీ మన పేజీల్లో, అని మొహం చిట్లించకండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో తెలియనిదాన్ని కాను. ఎవర్నీ తాగమనడానికి రాలేదు. ఫారిన్ నుంచి వచ్చే చుట్టాలు తువ్వాల్లో చుట్టి పసిపాపలా మోసుకొచ్చే సీసా మీద ఒక అంకె ఉంటుంది చూశారూ, ఆ అంకెకి మగవాళ్ళు పెట్టే దణ్ణాల మీదే నా తగువంతా. పన్నెండంటే మర్యాద, పదహారంటే గౌరవం, పాతికంటే సాష్టాంగం! నాలిక మీద పడకముందే తీర్పు అయిపోతుంది.

ఆ అంకె సంగతేమిటో ముందు చూద్దాం. సింగిల్ మాల్ట్ స్కాచ్ అంటే స్కాట్లండులో ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో కాచినది. ఓక్ చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్ళు నిలవుండాలని అక్కడి చట్టం. చాలా పీపాలు కలిపి సీసాలకెత్తుతారు గనక, 16 అంటే వాటిల్లో అన్నిటికంటే చిన్నదాని వయసన్నమాట. సీసాలోకి దిగాక వయసు ఆగిపోతుంది. బీరువాలో ఇంకో ఇరవయ్యేళ్ళు దాచినా పదహారు పదహారే, సినిమా కథానాయికల వయసులాగ.

నేను రుచి చెప్పబోయేది లాగవూలిన్ పదహారేళ్ళ దాని గురించి. స్కాట్లండు పడమటి తీరాన ఐలా అనే దీవిలో పుట్టింది. అక్కడ బురదనేలలు ఎక్కువ. వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ కుళ్ళి పేరుకున్న పీట్ అనే మట్టిని ఇటికల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెట్టుకునేవారు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పట్టించేది ఆ పొగే. కాచినా వదలదు, పదహారేళ్ళు పీపాలో మగ్గబెట్టినా పూర్తిగా వదలదు.

రుచి చూడ్డమంటే గుటుక్కున మింగడం కాదు. మూతి సన్నగా ఉన్న గ్లాసులో రెండు చెంచాలు పోసి, ముందు వాసన చూడాలి. నెయ్యి ఎప్పుడు దించాలో, పోపు ఎప్పుడు మాడబోతోందో పక్కగదిలోంచే పసిగట్టే ముక్కులు మనవి. ఈ పనికి వేరే పట్టా అక్కర్లేదు. రంగుని మాత్రం నమ్మకండి. బట్టీలోంచి దిగేటప్పుడు అది మంచినీళ్ళలా ఉంటుంది. రంగు పీపా ఇచ్చేదే, పైగా మాడ్చిన పంచదార రంగు కలుపుకోవచ్చని చట్టమే ఒప్పుకుంది.

మొదట తగిలేది ఆస్పత్రి! నవ్వకండి, దెబ్బకి రాసే టింక్చర్ అయొడిన్ వాసనే. వెనకాలే ఆరిపోతున్న కుంపటి, సముద్రపు గాలి. ఇదేం పానీయంరా బాబూ అనిపిస్తుంది. నాలుగు చుక్కలు నీళ్ళు వేసి రెండు నిమిషాలు ఓపిక పడితే ఎండుద్రాక్ష తీపీ, పొగబట్టిన తేయాకూ మెల్లిగా బయటికొస్తాయి. నాలిక మీద ముందు తీపి, తర్వాత ఉప్పదనంలాంటిదేదో, మింగాక చాలాసేపు పొగ. ఈ మూడూ ఒకదాన్నొకటి తోసుకోకుండా వరసగా రావడమే దీని గొప్ప. లోపం కూడా చెప్పాలిగా: 43 శాతానికి పలచన చేశారు కాబట్టి, ఇంకాస్త చిక్కగా ఉంటే బాగుండేది.

2016లో ఆ డిస్టిలరీ తన రెండువందల ఏళ్ళ పండక్కి 8 ఏళ్ళ సరుకుని 48 శాతంతో తెచ్చింది. 1880ల్లో ఆల్ఫ్రెడ్ బర్నార్డ్ అనే రచయిత అక్కడికెళ్ళి మెచ్చుకున్నదీ ఎనిమిదేళ్ళదాన్నే. నిమ్మతొక్క, బూడిద, మిరియపు ఘాటు, బొత్తిగా మొహమాటం లేని పిల్ల! అక్కగారి నెమ్మది దానికి లేదు, దాని చురుకు అక్కగారికి లేదు. కళ్ళకి గంతలు కట్టి ఇచ్చినా నా ఓటు అక్కగారికే, కానీ వెంట్రుకవాసి తేడాతో.

మరి పదహారు ఇంత బాగుంటే ముప్ఫై ఇంకా బాగుండాలి కదా అంటారేమో. పీపా చెక్క గాలి పీలుస్తుంది. ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ పొగా తగ్గుతుంది, చెక్క రుచి మాత్రం పెరుగుతూ పోతుంది. కొంతవరకూ అది ఊరడం. ఆపైన తలుపుచెక్క నాకినట్టే. ముప్ఫయ్యేళ్ళ సీసా ఖరీదులో దేవదూతలు తాగినదానికీ, గోదాము అద్దెకీ కట్టే బిల్లు కూడా ఉంటుంది. ఊరిన ఆవకాయ బాగుంటుందని మూడేళ్ళనాటి జాడీకి మూడింతలిచ్చి కొంటామా?

లాగవూలిన్ యజమాని పీటర్ మాకీకి పొరుగునున్న లఫ్రోయిగ్ రుచి మీద కన్నుండేది. (ఆ లఫ్రోయిగ్‌కి 1934లో ఒక్క వేసవి ఉద్యోగానికని వచ్చిన బెస్సీ విలియమ్సన్ అనే అమ్మాయి, 1954లో దానికి యజమానురాలైంది. ముక్కు ఎవరి సొత్తు చెప్పండి!) అచ్చం అలాటి బట్టీలు పెట్టి, 1908లో తన ఆవరణలోనే మాల్ట్ మిల్ అని చిన్న డిస్టిలరీ కట్టాడు. ఆ రుచి రాలేదు. పక్కింటావిడ కొలతలు పట్టుకొచ్చినంత మాత్రాన ఆవిడ చారు మనింట్లో వస్తుందా? 1960ల్లో అది మూతపడిపోయింది.

కెన్ లోచ్ 2012లో తీసిన ‘ది ఏంజెల్స్ షేర్’ సినిమాలో ఆ మాల్ట్ మిల్ పీపా ఒకటి బయటపడిందని కల్పించారు. వేలానికి ముందు రాత్రి కుర్రాళ్ళు అందులో కొంత కాజేసి, లోటుకి వేరే పీపాలోది పోసేస్తారు. మర్నాడు పది లక్షల పౌన్లకి పైగా పాడుకున్న పెద్దమనిషి ఆ కల్తీనే చప్పరించి, తెగ మురిసిపోతాడు.