రెండు కార్లు, ఒక పనితనం

అంబాసిడర్ గట్టిది, మారుతి 800 సుకుమారమైనది అనే మాట సగమే నిజం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌ను దశాబ్దాలు నడిపింది దాని రేకు మందం కాదు, మెకానిక్ చెయ్యి. బానెట్ కింద బోలెడు చోటు. పాయింట్లు రుద్ది, ట్యాపెట్లు సరిచేసి, కార్బురేటర్ కడిగి, చెవితోనే ఇంజన్ లయ పట్టేవాడు. 1983లో గుర్గావ్ నుంచి వచ్చిన మారుతి 796 సీసీ ఇంజన్‌ను అడ్డంగా అమర్చి, శక్తిని ముందు చక్రాలకే ఇచ్చింది.

దాంతో ఆ పనితనం పోయిందంటారు. నాకలా తోచదు. మారుతి బానెట్ కింది ఇరుకులో టైమింగ్ బెల్ట్ ఒక్క పన్ను తప్పినా ఇంజన్ నడక చెడుతుంది. అక్కడ చెవికి తోడు కొలత కావాలి. తర్వాత ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి స్కానర్ అవసరమైంది, నిజమే. అయినా వైరు తెగిందా, సెన్సరే చెడిందా అని తేల్చేది మెకానిక్కే. రెంటిలో నా మొగ్గు మారుతి వైపే: చిన్న పొరపాటును కూడా ఓర్చుకోని ఆ కారే మన వీధి షెడ్లకు కొలిచి పనిచేయడం నేర్పింది.