కలం చెక్కుకునే హక్కు

డ్రాయింగ్ ట్యాబ్లెట్ డబ్బా మీద కొట్టొచ్చినట్టు కనబడే అంకె 8192. పెన్నును ఎంత గట్టిగా నొక్కుతున్నామో అన్ని అంచెల్లో పసిగడుతుందని దాని అర్థం. బొమ్మలు వేసేవాళ్లకు అది నిజంగానే పనికొస్తుంది. హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్‌లో షాదీ కార్డులకు ఉర్దూ రాసే కాతిబ్‌కు మాత్రం దాంతో పని లేదు. ఆయన గీత లావూ సన్నమూ నొక్కుడు మీద ఆధారపడవు. రెల్లు ఖలం మొనను చదునుగా, ఏటవాలుగా కోస్తారు. ఆ అంచు కాగితం మీద ఏ కోణంలో ఆనిందో, చెయ్యి ఏ దిక్కుకు కదిలిందో దాన్నిబట్టే గీత ఒకచోట నిండుగా, ఇంకోచోట వెంట్రుకలా వస్తుంది.

తెలుగు శీర్షికలు రాసి పొట్టపోసుకునే నాకు ఆ సందులో కొన్ని ప్రింటింగ్ దుకాణాలతో పాత పరిచయం. నయాపూల్ దాటి మదీనా బిల్డింగ్ చేరువకు వస్తే ఛత్తా బజార్. ఒకే కార్డు మీద ఉర్దూ, ఇంగ్లీషు, అడిగితే తెలుగు కూడా అచ్చేసి ఇస్తారు. ఒకప్పుడు ఉర్దూ దినపత్రికలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కాతిబ్‌ల చేతిరాతే. 1981లో నూరీ నస్తాలీక్ వచ్చింది. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20 వేల అక్షరాల కూర్పులను విడివిడిగా రాసి కంప్యూటర్‌కెక్కించిన ఖతి అది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక చాలా పత్రికాఫీసుల్లో కాతిబ్‌కు కుర్చీ లేకుండా పోయింది. ఆయనకు మిగిలింది పైన బిస్మిల్లా, నడుమ వధూవరుల పేర్లు. మిగతా కార్డంతా ఇన్‌పేజ్‌దే.

ఆ రెండు మూడు పంక్తులకే ఎంత తతంగమో చూడండి. కాగితం మీద సియాహితో, అంటే సిరాతో రాయాలి, ఆరనివ్వాలి, స్కాన్ చెయ్యాలి, అంచుల్లో వచ్చిన నూగు తుడవాలి, తర్వాత కోరల్‌డ్రాలో ట్రేస్ చెయ్యాలి. ట్రేస్‌లో మొన వాడి కాస్తా మొద్దుబారుతుంది. అందుకే అక్కడి ఒక దుకాణం కుర్రాడు, ఎవరో వాడి వదిలేసిన ట్యాబ్లెట్ ఒకటి తెచ్చాడు. చిన్నది, తెర లేని రకం. తయారీదారు వెబ్‌సైట్‌లో కొత్త విండోస్‌కు దాని డ్రైవర్ లేదు. పాత డ్రైవర్ ఎక్కిస్తే బాణం గుర్తు తెర మీద ఓ మూల నుంచి ఇంకో మూలకు గెంతుతోంది. వస్తువు బాగానే ఉంది, మాటే పడిపోయింది.

ఇక్కడ డ్రైవర్ చేసే పనేమిటో చెప్పాలి. పెన్ను కదిలినప్పుడు ట్యాబ్లెట్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లేవి గీతలు కావు, అంకెలు: ఎడమ అంచు నుంచి ఎంత దూరం, పై అంచు నుంచి ఎంత దూరం, నొక్కుడు ఎంత. ఆ అంకెలు తెర మీద ఏ చుక్కగా మారాలో తేల్చేది డ్రైవరే. కంపెనీ డ్రైవర్ అయితే ఆ తీర్మానం లోపల ఎక్కడో జరిగిపోతుంది. మనకు కనబడేది నాలుగు మీటలు.

మేం ఎక్కించింది ఓపెన్‌ట్యాబ్లెట్‌డ్రైవర్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. ఉచితం, కోడ్ అంతా బహిరంగం. ఒక్కో ట్యాబ్లెట్ మోడల్‌కు అందులో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది: పలక కొలతలెంత, అంకెలు ఎందాకా వెళ్తాయి, ఏ గుర్తుతో పలుకుతుంది. ఈ గుర్తుతోనే ఒక తిరకాసు ఉంది. చౌక ట్యాబ్లెట్లలో చాలావాటికి మోడల్ వేరైనా యూఎస్‌బీ గుర్తు సంఖ్య ఒకటే. అప్పుడు డ్రైవర్ ఫర్మ్‌వేర్ లోపల రాసి ఉన్న పేరును కూడా చదివి ఇది ఫలానాది అని పోల్చుకుంటుంది. ఈ ఫైళ్లలో చాలావాటి వెనక తమ ట్యాబ్లెట్‌ను తామే పరీక్షించి చెప్పిన వాడకందార్లు ఉన్నారు.

ఈ డ్రైవర్‌కు పేరు తెచ్చింది చిత్రకారులు కాదు, ఆటగాళ్లు. పాట తాళానికి తగ్గట్టు వలయాలను తాకే ఒసు అనే ఆట ఉంది. అందులో రెప్పపాటు ఆలస్యమైనా ఓటమే. చేతికీ తెరకూ మధ్య ఎవరూ అడ్డు రాకూడదన్నది వాళ్ల పట్టుదల. అందుకే ఈ డ్రైవర్ తనంతట తాను గీతను నునుపు చెయ్యదు. కావాలంటే ఫిల్టర్ విడిగా తగిలించుకోవాలి. ఎక్కడో వీడియోగేమ్ ఆడే కుర్రాళ్ల తొందర ఇక్కడ నిదానంగా రాసే ముసలాయనకు కలిసొచ్చింది.

ఎక్కించే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ముందు పాత డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా తీసెయ్యాలి. ఒకే ట్యాబ్లెట్ కోసం రెండు డ్రైవర్లు పెనుగులాడితే ఏదీ సరిగా పనిచెయ్యదు. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మొదలుపెట్టి, డాట్‌నెట్ రన్‌టైమ్ వేసి, జిప్ విప్పి నడిపిస్తే చాలు. విండోస్‌లో నొక్కుడు కూడా కావాలంటే వీమల్టీ అనే మరో ముక్క, దానికో ప్లగిన్ తగిలించాలి. చాలామంది చిక్కుకునేది అక్కడే. మాకు నొక్కుడు అక్కర్లేదు గనక ఆ మెట్టే ఎక్కలేదు.

డ్రైవర్ కిటికీలో రెండు దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి. పైది తెర, కిందది ట్యాబ్లెట్ పలక. పలక 152 మిల్లీమీటర్ల వెడల్పు, 95 ఎత్తు. ఆ పలక మొత్తం తెర మొత్తానికి పరుచుకుని ఉంది. కాతిబ్ ఉస్తాద్ నూన్ అనే అక్షరం ఒకటి రాశారు. తల పక్కకు వాల్చి చూశారు.

"దాయిరా మోటా హో గయా భాయ్" అన్నారు, గుండ్రం లావైపోయిందని.

నూన్ కడుపు పక్కలకు సాగింది. నాకైతే బాగానే అనిపించింది. లెక్క వేస్తే ఆయన కన్నే నిజమని తేలింది. పలక నిష్పత్తి 16:10, తెరది 16:9. అంటే పలక మీద గుండ్రంగా తిప్పిన సున్నా తెర మీద 11 శాతం వెడల్పెక్కుతుంది. ఉర్దూ రాసే నస్తాలీక్ శైలిలో ఇది చిన్న సంగతి కాదు. అక్కడ కొలతలన్నీ నుఖ్తాతో, అంటే అదే ఖలంతో పెట్టిన చుక్కతో. అలిఫ్ పొడవు మూడు నుఖ్తాలు. నిలువు సరిపోయి అడ్డం సాగితే అక్షరం కుటుంబమంతా చెదిరిపోతుంది. మౌస్ కుడి మీట నొక్కి నిష్పత్తికి తాళం వేశాం. ఎత్తు 85.5కు తగ్గింది. కింద వేలు మందం పట్టీ దండగైంది, నూన్ మాత్రం తిన్నగా వచ్చింది.

తర్వాతి సంగతి కూర్చునే తీరు. ఆయన బల్ల ముందు కుర్చీలో రాయరు. కింద కూర్చుని, ఒక మోకాలు నిలబెట్టి, దాని మీద పలక ఆన్చుకుంటారు. పలక కాస్త ఏటవాలుగా తిరిగి ఉంటుంది. తెర మీద పంక్తి కూడా ఏటవాలుగా నడిచింది. డ్రైవర్‌లో తిప్పుడుకు ఒక గడి ఉంది. 10 డిగ్రీలు పెట్టాం. తిప్పిన దీర్ఘచతురస్రం మూలలు పలక బయటికి పొడుచుకొస్తాయి కాబట్టి దాన్ని 130కి 73కు కుదించాం. ఆయన మోకాలు దించలేదు, పలక సర్దలేదు. పంక్తి తిన్నగా వచ్చింది.

ఇక మొన. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాలిగ్రఫీ పెన్ను ఉంది. దానికి కోణం మొదట 30 డిగ్రీలు ఉంటుంది, రోమన్ అక్షరాలకు తగినట్టు. దాన్ని 60 దాటించాం. నిలువు గీత సన్నబడింది, అడ్డగీత నిండింది. నస్తాలీక్‌కు కావలసింది అదే. ఫిక్సేషన్ 100 పెడితే చెయ్యి ఎటు తిరిగినా మొన కోణం మారదు. థిన్నింగ్ సున్నా చేస్తే వేగంగా లాగినంత మాత్రాన గీత చిక్కిపోదు. వచ్చేది వెక్టర్ గీత, కాబట్టి స్కాన్ లేదు, ట్రేస్ లేదు. బంగారు ఫాయిల్ అచ్చుకు ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు.

ఈ అంకెలన్నీ సర్దుతుంటే ఆ సందుకు కూతవేటు దూరంలో ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం గుర్తొచ్చింది. యాఖూత్ అల్ ముస్తాసిమీ రాసిన ఖురాన్ ప్రతి అక్కడ ఉంది. బాగ్దాద్ చివరి అబ్బాసీ ఖలీఫా కొలువులో లేఖకుడాయన. 1258లో మంగోలులు నగరాన్ని నాశనం చేసినప్పుడు బతికి బయటపడి, 1298 దాకా రాస్తూనే ఉన్నాడు. ఖలం మొనను ఏటవాలుగా కొయ్యడం ఆయనతోనే స్థిరపడిందని ఖత్తాతీ, అంటే లిపికళ, చరిత్ర చెబుతుంది. అంటే ఆయన గొప్పతనంలో సగం కాగితాన్ని ముట్టకముందే, చాకు దగ్గరే మొదలైందన్నమాట. నేటికీ ఏ ఉస్తాద్ కూడా ఇంకొకరు చెక్కిన ఖలంతో మనసారా రాయరు. తన వేళ్ల పట్టుకు, తన ఖత్‌కు, అంటే రాతకు తగ్గట్టు తానే చెక్కుకుంటారు.

డ్రైవర్ సర్దుబాటు అచ్చంగా ఆ చెక్కుడే. నిష్పత్తి, తిప్పుడు, కోణం అన్నవి కంప్యూటర్ విషయాల్లా కనిపిస్తాయి గానీ అవి రాసేవాడి వృత్తి విషయాలు. వాటిని మూసిపెట్టిన పరికరం ఎంత ఖరీదైనదైనా ఇంకొకరు చెక్కిన ఖలమే. ఓపెన్‌సోర్స్ అంటే ఉచితం కదా అని మనవాళ్లు సంబరపడతారు. డబ్బు మిగలడం మంచిదే. అంతకంటే మంచిది, చాకు మన చేతికి రావడం. కంపెనీ ఆ మోడల్‌ను మరిచిపోయినా టెక్స్ట్ ఫైలు ఉన్నంతకాలం ట్యాబ్లెట్‌కు ఆయుష్షు ఉంటుంది.

ఇబ్బందులు లేవని కాదు. అన్ని ట్యాబ్లెట్లూ జాబితాలో లేవు. ఉన్నవాటిలో కొన్నిటికి అన్ని మీటలూ పనిచెయ్యవు. కిటికీలో మాటలన్నీ ఇంగ్లీషే. ఉర్దూ తప్ప రాని ఉస్తాద్‌కు ఆ గడుల పేర్లు ఎవరో చదివి చెప్పాలి. కొనేముందు ఆ జాబితాలో మోడల్ పేరు వెతుక్కోవడం మొదటి జాగ్రత్త. సర్దిన అంకెలు ఒక ఫైలులో భద్రమవుతాయి గనక దాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం రెండోది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మన దుకాణాల్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే కుర్రాడు వస్తాడు, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కుతాడు, అయిపోయిందంటాడు, డబ్బు తీసుకుని వెళ్తాడు. రాసే మనిషి అప్పటికి దుకాణంలోనే ఉండడు. అలా చెయ్యకండి. కాతిబ్‌నైనా, సైన్‌బోర్డు ఆర్టిస్టునైనా, ముగ్గులు వేసే ఆవిడనైనా ముందు పలక ముందు కూర్చోబెట్టండి. ఒక అక్షరమో గీతో వెయ్యమనండి. తప్పెక్కడుందో వాళ్ల కన్నే చెబుతుంది, ఆ తర్వాతే అంకె మార్చండి.