జిల్లా పేజీ: జీతంలేని వచనం

పత్రికలను గురించి మన విమర్శకులు రాసినది తక్కువేమీ కాదు. యజమానుల రాజకీయాలనూ, సంపాదకీయాల వర్గస్వభావాన్నీ, ప్రకటనల ఆదాయం వార్తను వంచే తీరునూ ఎన్నోసార్లు చర్చించారు. అయితే అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో పాఠకుడు పొద్దున్నే వెతుక్కొని తెరిచే జిల్లా పేజీని ఒక రచనగా చదివిన విమర్శ అరుదు. రచయిత ఏ పరిస్థితులలో రాస్తున్నాడో తెలియనిదే రచన స్వభావం బోధపడదని మనం నమ్ముతున్నాము. కావ్యానికీ నవలకూ వర్తించే ఈ సూత్రం జిల్లా పేజీకి కూడా వర్తించాలి. ఆ పేజీ కుంచించుకుపోతున్న ఈ కాలంలో అది మరీ అవసరం.

1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989 నుండి జిల్లా అనుబంధాలను వెలువరించింది. తక్కిన పత్రికలూ ఆ బాటనే పట్టాయి. అంతవరకు నాలుగు పంక్తులకైనా నోచుకోని లంక గ్రామాలకు తమ పేరు అచ్చులో చూసుకొనే వీలు కలిగింది. ఇది ప్రజాస్వామిక లాభమే, కాదనలేము. కాని ఆ పేజీని నింపిన చేయి ఎవరిది? మండల విలేకరిది. డెస్కులోని ఉపసంపాదకునివలె అతడు నెలజీతగాడు కాడు. సాధారణంగా అతనికి ముట్టేది ‘లైన్ అకౌంటు’, అంటే అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే డబ్బు. అది బండి పెట్రోలుకే చాలనప్పుడు ప్రకటనల కమిషను ఆధారమవుతుంది. పండుగకింత, నాయకుని పుట్టినరోజుకింత ప్రకటనలు తేవాలన్న లక్ష్యం నెత్తిన పడుతుంది.

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, పత్రికాపని ఎవరికి ‘ప్రధాన వృత్తి’యో వారినే పాత్రికేయులుగా గుర్తించింది. అటువంటి వారిని తొలగించాలంటే మూడు నెలల ముందు, సంపాదకుణ్ణయితే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలన్నది. తరువాత పార్ట్‌టైము వారికీ ఆ నిర్వచనంలో చోటు దొరికింది. మండల విలేకరి మాత్రం ‘ప్రధాన వృత్తి’ అనే గడప దగ్గరే ఆగిపోయాడు. అతనికి కొబ్బరితోటో, దుకాణమో, బీమా ఏజెన్సీయో వుంటుందనీ, వార్తలు రాయడం పక్కపని అనీ యాజమాన్యాల లెక్క. మజీథియా వేతనసంఘం సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. అవి ఆ గడప దాటి అతని దాకా రాలేదు. పాత చట్టం స్థానంలో 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్ అమలులోకి వచ్చి, డిజిటల్ మాధ్యమాన్ని కూడా పేర్కొన్నది. గడపను మాత్రం తొలగించలేదు.

తెలుగు పత్రికలలో ఉద్యోగాలు పోవడం కొత్త కాదు. వేతనాల వివాదం ముదిరిన 1959లో ‘ఆంధ్రప్రభ’ మద్రాసు విడిచి విజయవాడకు తరలింది. 1995లో ‘ఉదయం’ మూతపడింది. 2000లో మూతపడిన ‘ఆంధ్రజ్యోతి’ 2002లో గాని తిరిగి తెరుచుకోలేదు. ఈ ఘట్టాలలో ఉద్యోగులకు ఒక గేటు వున్నది, జీతాల పట్టీ వున్నది, బకాయిల లెక్క వున్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ‘ఆంధ్రభూమి’ అచ్చు ఆగిపోయింది. ప్రధాన దినపత్రికలు జిల్లా అనుబంధాలను ఆపి, కొద్ది పేజీలను అసలు పత్రికలో కలిపాయి. పేజీలు తగ్గితే పంక్తులు తగ్గుతాయి, పంక్తులు తగ్గితే విలేకరి రాబడి తగ్గుతుంది. అయినా అతణ్ణి తొలగించినట్లు ఎక్కడా నమోదు కాదు. పనిలో వున్నాడని రాసుకోని వానిని తీసివేశామని రాయవలసిన అవసరమేమున్నది?

ఇప్పుడు అతని వచనాన్ని చూడండి. ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’, ‘స్థానికులు కోరుతున్నారు’, ‘అధికారులు చూసీచూడనట్లు వ్యవహరిస్తున్నారు.’ క్రియ వుంటుంది, కర్త వుండడు. వున్నా అధికారులో స్థానికులో గాని పేరున్న మనిషి వుండడు. గోదావరి పాయలో ఇసుక తవ్వినదెవరో, వరిచేలను ఆక్వా చెరువులుగా మార్చినదెవరో విలేకరికి తెలుసు. పేరు రాస్తే వచ్చే దెబ్బను ఒంటరిగా కాచుకోవాలనీ తెలుసు. పైగా వచ్చే పండుగ ప్రకటనకు వెళ్లి నిలబడవలసింది ఆ గుమ్మంలోనే. ఈ వాక్యాలను చేతకాని భాషగా ఎగతాళి చేయడం సులువు. భద్రత లేని శ్రమ తనకు తాను కట్టుకొన్న వ్యాకరణంగా వాటిని చదవడమే విమర్శ చేయవలసిన పని.

ఇంతకంటె లోతైన నష్టం మరొకటి వున్నది. జీతం లేని పని చేయగలిగేది మరో ఆధారం వున్నవాడే. కోనసీమలో భూమి ఏ కులాల చేతిలో వున్నదో చెప్పనక్కరలేదు. కూలికిపోతే గాని పూట గడవని దళితవాడ యువకునికి, ఎంత చదువుకొన్నా, ఆ పని చేయడం దుస్సాధ్యం. జీతం ఎగవేత ఈ విధంగా కులపు వడపోత అవుతున్నది. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యేల ఇళ్లు తగులబెట్టారు. ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. అటువంటి వేళ అచ్చు కాగితం మీద అమిత భారం పడుతుంది. వాడ నుండి చూసే కన్ను ఆ కాగితానికి ఎన్ని మండలాలలో వున్నది?

మండల విలేకరి పీడితుడు కాదు, ఊరిని పీడించేవాడే కదా అని కొందరు ఆక్షేపిస్తారు. అటువంటి వారు లేకపోలేదు. గుర్తింపు కార్డును చూపి డబ్బు గుంజే అలవాటును ఎవరూ సమర్థించరు. అయితే జీతం ఇవ్వక, ప్రకటనలకు లక్ష్యం పెట్టి, చేతికి కార్డు ఇచ్చి ఊరిమీదికి పంపిన యాజమాన్యానికి ఆ అవినీతిలో భాగం లేదా? మరికొందరు ఫోను వున్న ప్రతివాడూ విలేకరేనంటారు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మంట లేచాక చూపడానికి కెమెరాలు చాలా వస్తాయి. గొట్టం దగ్గర గ్యాసు వాసన వస్తున్నదని ఊరివారు చెప్పినపుడు, ఆ ఫిర్యాదు ఏ కార్యాలయంలో ఆగిందో అడగడానికి నెల తరువాత కూడా వెళ్లే మనిషి కావాలి. ఆ తిరుగుడుకు పంక్తుల కొలత లేదు, కనుక కూలీ లేదు. 2011లో కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించారు. అటువంటి నిర్ణయం వెనుక వుండే మురుగుకాల్వల పూడికా, గిట్టని ధాన్యం ధరా ఒక్కరోజు వార్తలు కావు.

పత్రికా కార్యాలయాలలో పనిచేసిన కె.ఎన్.వై. పతంజలి తన నవలకు ‘పెంపుడు జంతువులు’ అని పేరు పెట్టాడు. పాత్రికేయులను గురించిన నవలకు ఆ పేరే ఒక తీర్పు. కాని పెంపుడు జంతువుకు యజమాని తిండి పెడతాడు. మండల విలేకరి తన తిండి తాను వెతుక్కొని, యజమానికి కూడా ఇంత తెచ్చిపెట్టాలి. అతని జీవితానికి సరిపడే రూపకాన్ని మన కథకులు ఇంకా వెతకవలసి వున్నది.

అభ్యుదయ విమర్శకు ఇక్కడ రెండు పనులున్నాయి. జిల్లా పేజీని వచనంగా చదివి, కర్తలేని ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఆ కర్తను ఎవరి భయం మింగిందో అడగడం మొదటిది. రోజంతా వార్త కోసం తిరిగేవానికి అదే ప్రధాన వృత్తి అని చట్టం చేత ఒప్పించే పోరాటంలో పాత్రికేయ సంఘాలతో కలిసి నిలబడడం రెండవది. మన కళాశాలల్లోని అధ్యాపకులూ విద్యార్థులూ మొదటి పనిని రేపటి పత్రికతోనే ప్రారంభించవచ్చును.