మార్చి వానకో కోటు

లండన్‌లో మార్చి నెలాఖరు వాతావరణాన్ని ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళే నమ్మరు. పొద్దున వణికించే చలి, మధ్యాహ్నం చక్కటి ఎండ, స్టేషన్ నుంచి ఇంటికి నడిచే కాస్త దూరంలో ఓ జల్లు. జనవరిలో ప్రాణం నిలబెట్టిన పఫర్ జాకెట్ ఇప్పుడు బస్సెక్కగానే ఉడకబెట్టేస్తుంది. ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుంటే పైన వాన, లోపల చెమట. ఈ నెలన్నర, రెండు నెలల కోసమే ఇంగ్లండ్‌లో ట్రెంచ్ కోట్లు బీరువాల్లోంచి బయటికొస్తాయి.

అది పుట్టిందీ ఇలాంటి ఇబ్బందిలోంచే. 1823లో చార్లెస్ మాకింటోష్ రబ్బరు పట్టించిన గుడ్డకు పేటెంట్ తీసుకున్నాడు. వాన ఆగింది గానీ గాలాడలేదు, పైగా రబ్బరు కంపు. బేసింగ్‌స్టోక్‌లో బట్టల దుకాణం పెట్టిన థామస్ బర్బరీ 1879లో దీనికి వేరే దారి పట్టాడు. నేసిన గుడ్డకు పూత పూయడం మానేసి, నేయకముందే నూలుకు నీరు పట్టని గుణం ఎక్కించి, ఆ నూలును ఏటవాలు నేతలో ఒత్తుగా నేయించాడు. అదే గాబర్డీన్. గాలి ఆడుతుంది, జల్లు దిగదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బరువైన గ్రేట్‌కోట్లు కందకాల బురదలో తడిసి మోయలేనివైతే, సొంత డబ్బుతో దుస్తులు కుట్టించుకునే బ్రిటిష్ అధికారులు ఈ తేలికపాటి కోట్లవైపు మళ్ళారు. మామూలు సిపాయికి ఆ భాగ్యం లేదు. ట్రెంచ్ కోటును మొదట కుట్టింది మేమంటే మేమని బర్బరీ, అక్వాస్క్యూటమ్ కంపెనీలు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటాయి.

నడుం పట్టీకి వేలాడే ఆ ఇత్తడి రింగులకు గ్రెనేడ్లు తగిలించేవారని షాపుల్లో కథలు చెబుతారు. మ్యాపు సంచీలాంటివి తగిలించుకోవడానికనే మాటే నాకు నమ్మబుద్ధేస్తుంది. ఎలాగైనా మనకు రెండూ లేవు కాబట్టి రింగులు ఉన్నా లేకపోయినా ఒకటే. భుజాల మీది పట్టీలు హోదా చిహ్నాలకు పెట్టినవి, ఇప్పుడు హ్యాండ్‌బ్యాగ్ జారకుండా పనికొస్తాయి. నేను పట్టుబట్టి చూసేవి మూడు: మణికట్టు దగ్గర బిగించే పట్టీ, మెడ దగ్గర కాలరును మూసే పట్టీ, వీపు మీద విడిగా వేలాడే పై పొర. ఆ పై పొర ఉన్నది వాన నీరు వీపుకు అంటకుండా దాని అంచు నుంచే కారిపోవడానికి. చవక కోట్లలో దాని అంచును కోటుకు కలిపి కుట్టేస్తారు, కొన్నిట్లో పొరే ఉండదు, కుట్టు గీత ఒకటి వేసి వదిలేస్తారు. వేలు దూర్చి చూడండి. వేలు దూరకపోతే అది వేషమే.

గుడ్డ పరీక్ష కూడా చేత్తోనే. దగ్గరగా చూస్తే జీన్స్ మీద ఉన్నట్టు సన్నటి ఏటవాలు గీతలు కనబడాలి. గుప్పిట్లో నలిపి వదిలితే కాస్త బిరుసుగా లేచి నిలబడాలి. షాపు లైటుకు ఎత్తి పడితే నేతలో చుక్కలు చుక్కలుగా వెలుతురు కనబడకూడదు. లేబుల్ మీద కాటన్ గానీ కాటన్ కలిసిన గుడ్డ గానీ ఉంటే మేలు. అచ్చంగా పాలియెస్టర్ అయితే ట్యూబ్ రైల్లో రెండు స్టేషన్లు దాటేసరికి మీకే తెలుస్తుంది.

మా అన్నయ్య కొడుకు ఎమ్మెస్సీ కోసం వచ్చాడు. వాడికి కోటు కొనబోతే అద్దం ముందు ఛాతీ విరుచుకుని నిలబడి, "బాగుంది కదత్తా?" అన్నాడు. "వెనక్కి తిరుగు, చెయ్యెత్తి రైల్లో కడ్డీ పట్టుకున్నట్టు నిలబడు" అన్నాను. వీపు బిగుసుకుని కోటు మొత్తం పైకి లేచింది. ట్రెంచ్ కోటును భుజాల దగ్గరే ఎంచుకోవాలి, అదీ లోపల పల్చటి స్వెట్టర్ వేసుకుని. భుజాలు సరిచేయాలంటే కోటు సగం విప్పాలి, కూలి కొత్త కోటంత అవుతుంది. పొడవు తగ్గించడం సులువు. చేతులు కురచ చేయడం కొంచెం పనే, మణికట్టు పట్టీలను, వాటి లూపులను పైకి జరపాలి మరి. చివరికి వాడికి నప్పినది కొన్నాం. వారం తర్వాత చూద్దును గదా, కోటు వెనక చీలిక అంచులను పట్టి ఉంచిన తెల్లదారం ఇంటూ కుట్టు అలాగే ఉంది. "అది డిజైన్ కాదా అత్తా?" అన్నాడు. నలక్కుండా ఫ్యాక్టరీలో వేసే టాకా అది, ఇంటికి రాగానే కత్తిరించాలి. దాంతోనే ఆఫీసులకు వెళ్ళే పెద్దవాళ్ళూ చాలామందే కనిపిస్తారు నాకు.

చీర మీదికైతే లెక్క వేరు. ఇక్కడ ఉగాది సంబరాలు ఏ స్కూలు హాల్లోనో జరుగుతాయి, పట్టుచీర మీద కోటు తప్పదు. ఎడమ భుజం మీద కుచ్చిళ్ళు పెట్టి పిన్ను కొట్టిన పైట మందంగా ఉంటుంది. చెయ్యి భుజం చివర అతికిన కోటైతే అక్కడ పట్టేసి జరీని నలిపేస్తుంది. మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా కుట్టు దిగే రాగ్లాన్ చెయ్యి తీసుకోండి, పైటకు చోటు ఉంటుంది. పొడవు మోకాలి కిందికి ఉండాలి. పాదాల దాకా వచ్చేది ఎస్కలేటర్ దగ్గర భయపెడుతుంది.

రంగు గురించి ఒక్క మాట. పాలిపోయిన ఇసుక రంగు మన చామనఛాయను ఇంకా వెలవెలబోయేలా చేస్తుందని నా అభిప్రాయం. తేనె రంగో, ముదురు ఆలివో, నేవీ బ్లూనో చూడండి. బెల్టును బకిల్‌లోకి దూర్చక్కర్లేదు, ముడి వేసుకోండి. 1942లో వచ్చిన ‘కాసాబ్లాంకా’లో హంఫ్రీ బోగార్ట్ తొడిగినప్పటి నుంచి ఈ కోటుకు సినిమా గ్లామర్ అంటుకుంది, నలగడం కూడా అందంలో భాగమైపోయింది.

పేరున్న కంపెనీల కొత్త కోటు వెయ్యి పౌండ్లు దాటిపోతుంది. నేనైతే ముందు చారిటీ షాపుల్లో వెతుకుతాను. పాత కోటు దొరికితే చేతుల అంచులు, చంక కింద లైనింగ్, కాలరు మడత చూస్తాను. లైనింగ్ చిరిగితే టైలరు మారుస్తాడు, గుండీలు పోతే దొరుకుతాయి. కాలరు మడత దగ్గర గుడ్డ అరిగి పోగులు తేలితే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా మళ్ళీ హ్యాంగర్‌కే తగిలించి వచ్చేస్తాను.