ఎవరూ కొట్టని తేదీ

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాళ్లకి స్క్రీన్ మీద ‘1970 జనవరి 1, ఉదయం 5:30’ అని కనబడితే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత పని మొదలవుతుంది. యునిక్స్ సిస్టమ్‌లు ఆ రోజు గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తాయి. మన గడియారం ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, సున్నా సెకను మనకి తెల్లవారుజామున పడుతుంది. అదే సున్నా డాలస్‌లో ఉన్న తెలుగు టెస్టర్‌కి 1969 డిసెంబర్ 31 సాయంత్రం ఆరు. ఒకే బగ్ మీద ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటే ముందు ఏ సంవత్సరమో తేల్చుకోవాలి.

ఇంతా చేస్తే జరిగిందేమిటంటే, తేదీ గడి ఖాళీగా ఉంది. ఖాళీ కనబడితే ‘తెలీదు’ అనమని ప్రోగ్రాముకి ఎవరూ చెప్పలేదు. అది సున్నా అనుకుంది. 2015 చివర్లో ఫేస్‌బుక్ చాలామందిని 46 ఏళ్ల స్నేహం పూర్తిచేసుకున్నారంటూ అభినందించింది. ఫేస్‌బుక్ పుట్టిందే 2004లో! ఇది ఆ సున్నా పనేనని మా వాళ్లు ఇట్టే పసిగట్టారు.

ఇంకో రకం తప్పులు సంవత్సరం అంచున కాచుకుని కూర్చుంటాయి. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వారి 30 జీబీ జ్యూన్ మ్యూజిక్ ప్లేయర్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. లోపలి లెక్క ఇదీ: రోజులు 365 దాటితే లూప్ తిరగాలి, లీపు సంవత్సరమైతే 366 దాటినప్పుడే ఆ ఏడాది రోజుల్ని తీసెయ్యాలి. ఆ రోజు సరిగ్గా 366వది. 365 దాటింది కాబట్టి లూప్ ఆగదు, 366 దాటలేదు కాబట్టి తీసివేత జరగదు. పాపం, తిరుగుతూనే ఉంది. కంపెనీ చెప్పిన మందు మరీ బావుంది: బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి, మర్నాడు గ్రీనిచ్ టైము ప్రకారం మధ్యాహ్నం దాటాక ఆన్ చేయండి. మైక్రోసాఫ్ట్ మార్కు దుర్ముహూర్తం కాకపోతే ఏమిటిది!

అందుకే తేదీలున్న ఏ ఫారం నా చేతికొచ్చినా ఫిబ్రవరి 29, డిసెంబర్ 31 కొట్టి చూస్తాను. చివరికి ఏమీ కొట్టకుండా సబ్మిట్ నొక్కుతాను. బగ్ రాసి పంపితే డెవలపర్లు విసుక్కుంటారు, “1970 అని ఎవరు కొడతారండీ?” అని.

ఎవరూ కొట్టరు. వచ్చిన చిక్కల్లా అదే.