ఈ ఒక్క ఇంటర్వెల్‌కి మినహాయింపు

పరాయి సినిమాలకు ఇంటర్వెల్ వేయకండి మహాప్రభో అని ఈ కాలమ్‌లో నేనెంత మొత్తుకున్నానో మీకు తెలుసు. పాత్ర నోరు తెరుస్తుంది, మాట రాకముందే లైట్లు వెలుగుతాయి, తెర మీద కూల్‌డ్రింక్ ప్రకటన. కచేరీలో రాగాలాపన మధ్యలో మైకు కట్టేసినట్టు ఉంటుంది నాకు. ఈ వారం మా దగ్గరి మల్టీప్లెక్స్‌లో జపాన్ బొమ్మల సినిమా ‘యువర్ నేమ్’ వేశారంటే, గొణుక్కుంటూనే వెళ్లాను. రెండు గంటలు కూడా లేని సినిమాకి విరామం దేనికి? సమోసాలు అమ్ముకోవడానికి.

మకోటో షిన్‌కాయ్ 2016లో తీశాడు. కొండల నడుమ ఇతొమొరి అనే ఊళ్లో గుడి సేవ చేసే మిత్సుహా, టోక్యోలో చదువుకుంటూ ఇటాలియన్ రెస్టారెంట్‌లో సర్వర్‌గా పనిచేసే టాకీ. ఒకరినొకరు ఎరగరు. ఓ పొద్దున లేచేసరికి ఆమె ఒంట్లో అతను, అతని ఒంట్లో ఆమె.

ఇక సావిత్రి గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ రూపు కట్టుకుని పెళ్లింట్లో తిరుగుతాడు కదా. చీర అదే, నగలు అవే, ముఖం సావిత్రిదే. భుజాలు మాత్రం ఎస్వీ రంగారావువి! మాయాబజార్ వచ్చినప్పుడల్లా మా అమ్మ, సావిత్రి నడక మారే క్షణం కోసం కాచుక్కూర్చునేది. మారగానే, ‘అదుగో, రంగారావు లేచాడు’ అనేది. నటన ముఖంలో కాదు, నడకలో ఉంటుందని నేను వాదించే వాదన ఎక్కడిదనుకున్నారు? అమ్మదే.

మరి బొమ్మకి ఒళ్లే లేదే, ఇంకొకరి నడక ఎలా పట్టుబడుతుంది? ‘స్పిరిటెడ్ అవే’కి పనిచేసిన మసాషి ఆండోయే దీనికీ యానిమేషన్ డైరెక్టర్. టాకీ లోపల ఉన్నప్పుడు మిత్సుహా మగరాయుడిలా కూర్చుంటుంది, కోపమొస్తే క్లాసులో బల్లని ఒక్క తన్ను తంతుంది. మిత్సుహా లోపల ఉన్నప్పుడు టాకీ, తోటి ఉద్యోగిని చిరిగిన స్కర్టుని కుట్టి పైన బొమ్మ కూడా అల్లి ఇస్తాడు. అమ్మ ఉంటే రంగారావుని ఇక్కడా పట్టుకునేది.

చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. నవ్వులన్నీ అయ్యాక ఒకనాడు ఆ మార్పిడి ఆగిపోతుంది. ఫోన్ కలవదు. జ్ఞాపకమున్నంత మేరకు ఆ ఊరి బొమ్మలు గీసుకుని వెతుక్కుంటూ పోతాడు టాకీ. ఒక రామెన్ హోటల్లో ఆ బొమ్మని గుర్తుపట్టి ఊరి పేరు చెబుతారు. తీరా వెళ్తే ఊరు లేదు. మూడేళ్ల కిందటే తోకచుక్క ముక్క పడి పోయింది, మిత్సుహాతో సహా. సరిగ్గా అక్కడ పడింది ఇంటర్వెల్.

తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి, నోరు పెగల్లేదు. ముందంతా వినోదం, మధ్యలో దెబ్బ, తర్వాత గుండె బరువు. మనవాళ్లు కథా చర్చల్లో ఇంటర్వెల్ బ్యాంగ్ కోసం తలలు బాదుకునేది ఇందుకేగా! షిన్‌కాయ్‌కి ఆ బాధ లేదు. వీడియో స్టోరీబోర్డు చేసుకుని, పాత్రలకు తనే గొంతిచ్చి, ఏ సన్నివేశం ఎన్ని సెకన్లో ముందే తేల్చుకునే మనిషి. ఆ లెక్కలో మన సమోసా లేదు. అయినా ఆ కాసేపు లాబీ చూడాల్సింది. మూడేళ్ల తేడా మనకి తెలియకుండా ఎలా దాచాడని కాలేజీ పిల్లలు కొట్టుకుంటున్నారు. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే పాప్‌కార్న్ తింటోంది. ఆ దెబ్బ వెనకే కథ పరుగందుకుని ఉంటే, ఊరు పోయిందన్న సంగతి ఇంతగా లోపలికి దిగేది కాదు.

మిగతా పరాయి సినిమాల సంగతిలో నా మాట మాటే. దీనికి మాత్రం ఇంటర్వెల్ ఉండాలి, అక్కడే ఉండాలి. ప్రొజెక్షన్ గదిలో ఆ చోటు ఎంచిన కుర్రాడెవరో గానీ, థియేటర్ వారు అతని జీతం పెంచాలి.