ఇంటిపన్నులో ఎనిమిది పైసలు

‘పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి. ఇంకా గ్రంథాలయాలకు డబ్బెందుకు?’ అని కొందరు సాహిత్య మిత్రులు కూడా అంటున్నారు. ఇది అభ్యుదయం వేషంలో వచ్చిన తిరోగమన వాదమని నా అభిప్రాయం.

గరివిడినే తీసుకుందాం. ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారం వల్ల పేరొచ్చిన ఊరు. చుట్టూ వ్యవసాయ గ్రామాలు. ఇక్కడి కార్మికుడైనా, రైతైనా ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ సెస్సు చెల్లించాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం వల్ల వచ్చిన సెస్సు ఇది. నూరు రూపాయల పన్ను మీద ఎనిమిది రూపాయలన్నమాట. కనుక గ్రంథాలయం అతనికి ఎవరో పెట్టే ధర్మం కాదు, ముందే మూల్యం చెల్లించిన హక్కు. ఆ సొమ్మును స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. వసూలైంది జమ కాకుండా బకాయి పడడం మన పాతరోగం.

డిజిటల్ భాండాగారాలను నేను తక్కువ చెయ్యను. రాజ్ రెడ్డి వంటివారి చొరవతో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఆ సైటు మూతపడినా చాలా ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికాయి. అయితే వాటి పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పులతో నమోదయ్యాయి. తెలుగు మాత్రమే వచ్చిన పాఠకుడు తెలుగు పుస్తకాన్ని ఎలా వెతుక్కోవాలి?

రెండో చిక్కు చట్టానిది. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1915లో పోయిన గురజాడను ఎవరైనా ఉచితంగా అందించవచ్చు. 1993లో పోయిన రావిశాస్త్రి రచనలకు 2053 చివరిదాకా ఆ వీలు లేదు. అంటే, మన కాలపు దోపిడిని మనకు చూపించిన రచయితను చదవాలంటే పుస్తకం కొనాలి, లేదా గ్రంథాలయం కొనిపెట్టాలి. కొనలేనివాడికి మిగిలింది రెండోదే.

1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపినవారు పాఠకుణ్ణి తమ దగ్గరికి రమ్మనలేదు. పుస్తకాన్నే అతని దగ్గరికి తీసుకెళ్లారు. నేటి పడవ కంప్యూటరే కావచ్చు, కాని దాన్ని నడిపే మనిషి, ఆగే రేవు ఉండాలి. ఆ రేవు ఊళ్లోని గ్రంథాలయం, ఆ మనిషి గ్రంథపాలకుడు.

కాబట్టి ఈ రెంటినీ పోటీ పెట్టడం మానుదాం. సెస్సు లెక్కలు ఏటా ప్రజల ముందు పెట్టమని, ప్రతి పఠన మందిరంలో కంప్యూటరు, తెలుగు లిపిలో పుస్తకాల పట్టిక ఉండాలని రచయితలుగా మనమే అడగాలి. పాఠకుడు లేని సాహిత్యానికి ఎంత పెద్ద భాండాగారం ఉంటే మాత్రం ఏం లాభం?